మన టీమ్ ఢిల్లీకి పోయింది, ఇప్పుడు ఎవరిని తిట్టాలి?

గచ్చిబౌలి_గ్యాలరీ

అధికారికంగా చెప్పేశారు కాబట్టి ఇక పుకార్లు అనుకోవడానికి ఏమీ లేదు. మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక లేదు, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. 2019లో పుట్టింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు కొట్టింది, 2025లో మూటాముల్లె సర్దుకుని పోయింది. మా ఇంట్లో ఫ్రిజ్ ఇంతకంటే ఎక్కువ కాలం నడిచింది.

తప్పు ఎవరిదో తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెట్టాను. జీతాలు బకాయి పెట్టి టీమ్‌ని గాలికి వదిలేసిన పాత యాజమాన్యానిదా, కొన్న ఏడాదికే ఊరు మార్చేసిన జిందాల్ గ్రూప్‌దా, లీగ్ నడిపే పెద్దలదా, లేక కుర్చీలు ఖాళీగా వదిలేసిన మనదా? నా ఓటు పాత యాజమాన్యానికి. మీ మాట చెప్పండి. తిట్లు ఉండొచ్చు గానీ ఇంట్లో వాళ్లని లాగొద్దు.

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

పాత యాజమాన్యం అనడంలో నాకు అభ్యంతరం లేదు, కానీ అక్కడితో ఆపేస్తే మనం మనల్ని మోసం చేసుకున్నట్టే.

లెక్క చూడండి. 2021-22లో 38 పాయింట్లు, పట్టికలో రెండో స్థానం, ఆపైన కప్పు. 2022-23లో ఇంకా మెరుగ్గా 42 పాయింట్లు, ముంబై కంటే నాలుగే తక్కువ, మళ్లీ రెండో స్థానం. ఆ తర్వాతి సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచాం, ఎనిమిది పాయింట్లు. 42 నుంచి 8కి! మైదానంలో ఆట చెడితే 42 కాస్తా 30 అవుతుంది, మరీ ఘోరంగా చెడితే 25 అవుతుంది. ఎనిమిదికి పడిందంటే అది ఆఫీసు గదిలో జరిగిన పని.

ఏం జరిగిందో అందరికీ తెలుసు కానీ వరస మర్చిపోతున్నారు. కోచ్ మనోలో గోవాకి వెళ్లాడు, డిఫెండర్ ఆకాశ్ మిశ్రా ముంబైకి, గోల్స్ కొట్టే ఓగ్బెచే వెళ్లిపోయాడు. జీతాలు రానివాళ్లు ఫిఫాకి ఫిర్యాదు చేశారు, కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా నిషేధం పడింది. అంటే ఉన్నవాళ్లు పోతుంటే ఆపలేం, పోయినవాళ్ల చోట ఇంకొకర్ని తెచ్చుకోలేం. జనవరి వచ్చేసరికి చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి ఇద్దరూ బెంగళూరు దారి పట్టారు, యాసిర్ గోవాకి పోయాడు. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది కుర్రాళ్లు, కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో. ఆయన్ని కూడా తిట్టినవాళ్లు ఇక్కడ ఉన్నారు, పేర్లు చెప్పను.

ఆ కుర్రాళ్లే చెన్నై వెళ్లి 1-0తో గెలిచారు. ఆ సీజన్‌లో ఉన్న ఒకే ఒక్క గెలుపు అదే. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

అన్నా, తంగ్‌బోయ్‌ని తిట్టింది నేనే, పేరు చెప్పేయొచ్చు. ఇప్పుడు కూడా తిడతా. డబ్బుల్లేవు, ఆటగాళ్లు లేరు, ఒప్పుకుంటా. మరి కార్నర్ కిక్‌కి మనిషిని పట్టుకుని నిలబడటానికి డబ్బులెందుకు? అదొక్కటి నేర్పించలేకపోయాడా?

కొచ్చి_కోడలు

నేను వరంగల్ పిల్లని, కాపురం ఎర్నాకుళంలో. ఇంటిల్లిపాదీ కేరళ బ్లాస్టర్స్ పిచ్చోళ్లు. వాళ్ల మధ్య నేనొక్కదాన్నే హైదరాబాద్.

2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో వాళ్లకీ మనకీ ఫైనల్. స్టేడియం అంతా పసుపు రంగే. అంతా వాళ్లే, కేరళ నుంచి రైళ్లు, బస్సులు నింపుకుని వెళ్లినవాళ్లు. తమాషా ఏంటంటే పసుపు జెర్సీ హక్కు మాత్రం మనకి దక్కింది, పట్టికలో పైన ఉన్నాం కదా. వాళ్ల టీమ్ నల్ల జెర్సీలో దిగింది. టీవీ ముందు మా ఆడపడుచు కొడుకు కాసేపు మన టీమ్‌ని చూసి చప్పట్లు కొట్టాడు పాపం, రంగు చూసి.

రాహుల్ కేపీ గోల్ కొట్టగానే మా ఇంట్లో ఒకటే గోల. ఇక అయిపోయింది అనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లో బంతిని అలాగే కొట్టాడు. తర్వాత పెనాల్టీలు. మన గోల్‌కీపర్ కట్టిమణి మొదట లెస్కోవిచ్‌ది ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు, ముందే గీత దాటాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు, అదీ ఆపాడు. జీక్సన్‌ది కూడా ఆపాడు. చివర్లో నార్జరీ కొట్టగానే 3-1. నేను అరవలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి స్టవ్ ముందు నిలబడి నోరు మూసుకుని నవ్వుకున్నా. రాత్రికి భోజనం ఎవరూ చేయలేదు, నేనొక్కదాన్నే తిన్నా.

నిన్న ఈ ఢిల్లీ వార్త చూసి మా మామగారు నా దగ్గరికి వచ్చి, ఎవరో దగ్గరివాళ్లు పోతే అడిగినట్టు మెల్లగా పరామర్శించారు. అదీ నా పరిస్థితి.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

అక్కా, ఒకే మనిషి కిక్ రెండుసార్లు ఆపినవాడిని ఇంకెక్కడైనా చూశావా? కట్టిమణికి ఊళ్లో ఒక సర్కిల్ పేరు పెట్టినా తక్కువే.

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

కట్టిమణి అంటే నాకూ ఇష్టమే కానీ ఆ టీమ్‌ని నడిపింది మిడ్‌ఫీల్డర్ జావో విక్టర్. టీవీలో బంతి వెంట కెమెరా పోతుంది కాబట్టి వాడు చేసే పని కనిపించేది కాదు. గ్యాలరీలో కూర్చుంటే తెలుస్తుంది. మన ఆకాశ్ మిశ్రా, అటు ఆశిష్ రాయ్ ఇద్దరూ ఒకేసారి పైకి పరుగెత్తితే, వెనక ఖాళీలోకి నిశ్శబ్దంగా వచ్చి నిలబడేవాడు. బంతి పోయినా వాడి కాళ్ల దగ్గరికే వచ్చేది. పరుగెత్తి ట్యాక్లింగ్ చేయాల్సిన అవసరం కూడా చాలాసార్లు రాలేదు.

అందరూ ఓగ్బెచే అంటారు, సరే, ఆ సీజన్‌లో 18 గోల్స్, కాదనను. ప్రపంచకప్ ఆడినవాడు, పారిస్‌లో ఆడినవాడు. ముప్పై ఏడేళ్ల వయసులో మన గోవా ఎండలో అన్ని గోల్స్ కొట్టడం మామూలు విషయం కాదు. కానీ 2022-23 సెమీస్‌లో మోహన్ బగాన్ మీద రెండు మ్యాచ్‌లు కలిపి ఒక్క గోల్ లేదు. 0-0, మళ్లీ 0-0, చివరికి కోల్‌కతాలో పెనాల్టీల మీద బయటికి. ఆ పెద్ద మ్యాచ్‌లో ఎక్కడున్నాడు?

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

ఎక్కడున్నాడంటే ఇద్దరు స్టాపర్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడు, బంతి వస్తే కదా కొట్టడానికి. మిడ్‌ఫీల్డ్ నుంచి పాస్ ఇవ్వాల్సింది ఎవరు? నీ పేరులోనే ఉంది చూడు.

వైజాగ్_వింగర్

ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. 2021-22లో కప్పు కొట్టిన టీమ్ ఆ సీజన్‌లో హైదరాబాద్‌లో ఎన్ని మ్యాచ్‌లు ఆడింది? సున్నా. కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే. అంతకుముందు సీజనూ గోవాలోనే. అంటే మనోలో టీమ్ ఎదిగిన రెండేళ్లూ మీ ఊరు దాన్ని కళ్లతో చూడనే లేదు. చూసింది ఏది? 2019-20లో ఆఖరి స్థానంలో పది పాయింట్లతో ముగించిన టీమ్‌ని చూశారు, మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతా టీమ్ ఏటీకే చేతిలో 5-0 తిన్న టీమ్‌ని. తర్వాత 2022-23లో ఒక్క మంచి సీజన్. ఆ తర్వాత రెండు దరిద్రపు సీజన్లు. ఊళ్లో ఉన్న నాలుగు సీజన్లలో మూడు అడుగునే. ఇంక జనం అలవాటు పడేదెప్పుడు?

గచ్చిబౌలి_గ్యాలరీ

వింగర్ భాయ్ చెప్పింది నిజం, చెప్పిన తీరు మాత్రం మండింది. 😀

2019-20లో కూడా మొదటి హోం మ్యాచ్ గెలిచాం, అది రాయలేదేం. కేరళ మీద 2-1, మార్సెలిన్యో ఫ్రీకిక్. ఆ రోజు గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకి తెలుసు.

అయినా ఆ స్టేడియం గురించి మాట్లాడాలి. అది ఫుట్‌బాల్ కోసం కట్టింది కాదు, అథ్లెటిక్స్ ట్రాక్ చుట్టూ ఉంటుంది. గోల్ వెనక స్టాండ్‌లో కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాడి ఫోన్‌లో చూసి తెలుసుకోవాలి. మ్యాచ్ ఏడున్నరకి. సరిగ్గా ఐటీ వాళ్లంతా రోడ్డు మీదకి వచ్చే టైం. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటో వాడు అడిగినంత. మ్యాచ్ అయ్యాక తొమ్మిదిన్నరకి బయటికొస్తే ఉప్పల్ వాడు, దిల్‌సుఖ్‌నగర్ వాడు ఇల్లు చేరేసరికి ఏ టైం? ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే జనం ఉన్నది పాతబస్తీలో, సికింద్రాబాద్‌లో, బొల్లారం, తిరుమలగిరి వైపు. టీమ్‌ని మాత్రం తీసుకెళ్లి గచ్చిబౌలిలో పెట్టారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఎవరు వస్తారు?

డల్లాస్_దక్కనీ

ఇక్కడ అమెరికాలో ఇది మామూలే తమ్ముడూ, ఓనర్‌కి లాభం లేదనిపిస్తే టీమ్‌ని లారీ ఎక్కించి ఇంకో ఊరికి తీసుకుపోతాడు. హ్యూస్టన్ ఆయిలర్స్ టెనసీకి పోయినప్పుడు ఇక్కడి జనం ఎంత ఏడ్చారో ఇప్పటికీ కథలుగా చెబుతారు.

అది పక్కన పెట్టండి. అసలు మనకీ టీమ్ ఎక్కడి నుంచి వచ్చింది? పూణె సిటీ క్లబ్ మూతపడితే లీగ్‌లో ఆ చోటు మనకి దక్కింది. 2019లో మనం కాచిగూడలో టపాసులు కాలుస్తుంటే పూణెలో ఎవరో ఒకడు మన గచ్చిబౌలి_గ్యాలరీ లాగే కూర్చుని ఇదే చర్చ మొదలుపెట్టి ఉంటాడు. ఇంకా తమాషా ఏంటంటే అదే ఏడాది ఢిల్లీ డైనమోస్‌ని భువనేశ్వర్ తీసుకుపోయి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. ఢిల్లీ వాడి టీమ్ ఒడిశాకి, పూణె వాడిది మనకి, మనది ఢిల్లీకి. మ్యూజికల్ చైర్స్ ఆడుతున్నారు, పాట ఆగినప్పుడల్లా ఒక ఊరు నిలబడిపోతోంది.

కాబట్టి జిందాల్ వాళ్లని తిట్టే హక్కు మనకి సగమే ఉంది.

గచ్చిబౌలి_గ్యాలరీ

సగం హక్కు ఏంటన్నా? పూణె క్లబ్ మూతపడ్డాక ఆ స్థానంలోకి మనం వచ్చాం. నడుస్తున్న క్లబ్‌ని ఎవరూ ఎత్తుకురాలేదు. ఇది వేరు. కప్పు కొట్టిన క్లబ్ ఇది.

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

తేడా ఉంది కానీ నువ్వనుకున్నంత లేదు. పూణె అభిమానికి పొద్దున్నే లేచేసరికి టీమ్ లేదు, నీకూ లేదు. వాడికి కప్పు లేదు, నీకు ఒకటుంది, అంతే.

జిందాల్ వాళ్ల విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. 2024లో వాళ్లు రాకపోయి ఉంటే ఆ సీజనే ఉండేది కాదు. చివరి నిమిషంలో వచ్చి బకాయిల గొడవల మధ్య ఎవరు దొరికితే వాళ్లని తెచ్చి దించారు. మధ్యలో తంగ్‌బోయ్ పోయి కోచ్‌గా షమీల్ వచ్చాడు. 24 మ్యాచ్‌ల్లో నాలుగు గెలుపులు, 18 పాయింట్లు, పదమూడింటిలో పన్నెండో స్థానం. గొప్పేం కాదు కానీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే స్వర్గం. కోల్‌కతాలో మహ్మదన్‌ని 4-0తో కొట్టాం. కొచ్చిలో 2-1, అల్బా రెండు గోల్స్. కొచ్చి_కోడలు గారూ, ఆ రాత్రి భోజనం ఎలా జరిగింది?

కొచ్చి_కోడలు

ఆ రోజు చేపల పులుసు అన్నా. నేనే వండా, నేనే రెండుసార్లు వడ్డించుకున్నా. 😇

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

జిందాల్ వాళ్లని వెనకేసుకొస్తున్నావేంటి? కాపాడటానికి వచ్చినట్టు వచ్చి ఒక్క సీజన్ ఆడించి తీసుకుపోయారు. వాళ్లకి కావాల్సింది లైసెన్స్. ఖాళీగా ఉన్న ఢిల్లీ మార్కెట్‌కి పోవడానికి చవగ్గా దొరికిన టికెట్ మనం. ఈ ఊళ్లో ఏం ప్రయత్నం చేశారో చెప్పు. స్కూళ్లకి వెళ్లారా? లోకల్ లీగ్‌లో ఆడే పిల్లల్ని పిలిచారా? తెలుగులో ఒక సరైన ప్రచారం చేశారా?

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

వెనకేసుకు రావడం లేదు. ఐఎస్ఎల్‌లో ఏ ఓనర్ అయినా ఏటా కోట్లు పోగొట్టుకుంటాడు, అది అందరికీ తెలిసిన సంగతి. ఆటగాళ్ల జీతాలు, ప్రయాణాలు, స్టేడియం అద్దె, ఫ్రాంచైజీ ఫీజు, ఇవన్నీ ఒక వైపు. రెండో వైపు టికెట్ల డబ్బు చిల్లర, టీవీ డబ్బు అంతంతమాత్రం. పోగొట్టుకోగలిగే జేబు ఉన్నవాడే నడపగలడు. పాత ఓనర్లకి ఆ జేబు లేదు, కొత్తవాళ్లకి ఉంది కానీ వాళ్ల మనసు ఇక్కడ లేదు. అప్పటి పరిస్థితి చూడు, ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కీ లీగ్ నడిపే కంపెనీకీ ఉన్న ఒప్పందం 2025 డిసెంబర్ వరకే. 2025 జూలైలోనే సీజన్ ఆపేశామన్నారు. లీగ్ ఎప్పుడు మొదలవుతుందో, అసలు ఎవరు నడుపుతారో అప్పుడు ఎవరికీ తెలియదు. అలాంటి టైంలో ఏ ఓనర్ అయినా తనకి అనువైన చోటుకే పోతాడు. నాకు నచ్చిందని కాదు, జరిగేది అదే.

పాత_సిటీ_పోలీస్

బాబూ, మీరంతా ఆరేళ్ల సంగతి మాట్లాడుతున్నారు. ఈ ఊరికి ఫుట్‌బాల్ చేజారడం ఇది మొదటిసారి కాదు.

మా నాన్నగారు ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లు చూసిన మనిషి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ వాళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చారు. ఆ టీమ్‌ని తయారుచేసింది రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కోచ్‌గా ఇండియా 1951లో, మళ్లీ 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్‌కి వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మెల్‌బోర్న్ జట్టులో మన ఊరివాళ్లు ఎంతమందో తెలుసా? నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, బలరాం, ఇంకా ఉన్నారు. ఇప్పుడు ఇండియా జట్టు బస్సు ఎక్కుతుంటే మన ఊరివాడు ఒక్కడు కనిపిస్తే పండగ చేసుకోవాలి.

తులసీదాస్ బలరాం అమ్ముగూడ కుర్రాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ పిలిస్తే కలకత్తా వెళ్లాడు, ఇక అటే స్థిరపడి 2023లో బెంగాల్‌లోనే కన్నుమూశాడు. ఆయనొక్కడే కాదు, మంచి ఆటగాడు అనిపించుకున్న ప్రతివాడికీ కలకత్తా నుంచి పిలుపు వచ్చేది. ఎందుకు పోయారు? అక్కడ క్లబ్ ఉంది, క్లబ్‌కి సభ్యులు ఉన్నారు, చందాలు కట్టేవాళ్లు, గెలిస్తే భుజాల మీద ఊరేగించేవాళ్లు, ఓడితే ఇంటి ముందుకొచ్చి నిలదీసేవాళ్లు. ఇక్కడ టీమ్ అంటే డిపార్ట్‌మెంట్. పోలీసు ఉద్యోగం ఇచ్చారు, ఆడారు. పట్టించుకునే అధికారి ఉన్నన్నాళ్లు బాగుంది. 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాక మెల్లమెల్లగా కథ ముగిసింది.

నేను చెప్పేది ఒకటే. ఈస్ట్ బెంగాల్‌లో డబ్బులు పెట్టే కంపెనీలు ఎన్ని మారాయి! వచ్చారు, గొడవపడ్డారు, పోయారు. ఒక్కడైనా ఆ క్లబ్‌ని జైపూర్ తీసుకుపోతానని అనగలిగాడా? అంటే బతకనిస్తారా? మనకి అప్పుడూ డిపార్ట్‌మెంట్ టీమే, ఇప్పుడూ ఓనర్ టీమే. ఊరి టీమ్ ఎప్పుడూ లేదు.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

చాచా, మాటల్లేవు.

వైజాగ్_వింగర్

పెద్దాయన చెప్పింది బాగుంది, గౌరవం ఉంది. కానీ మన దగ్గర ఏ ఫుట్‌బాల్ చర్చ అయినా చివరికి 1956కి పోయి ఆగుతుంది. రహీం సాబ్ పోయి అరవై ఏళ్లు దాటింది. ఈ అరవై ఏళ్లలో చేసిందేంటి?

ఇంకోటి. ఆ 2022 ఫైనల్లో మొదటి పదకొండు మందిలో హైదరాబాద్ కుర్రాడు ఎవరు? కట్టిమణి గోవా, చింగ్లెన్‌సనా మణిపూర్, ఆశిష్ సిక్కిం, ఆకాశ్ యూపీ, సౌవిక్ బెంగాల్. మన రెండు రాష్ట్రాల్లోంచి ఒక్కడు లేడు. మరి ఆ క్లబ్ మనదని ఏ లెక్కన అంటున్నారు?

గచ్చిబౌలి_గ్యాలరీ

అదేం మాట భాయ్? వైజాగ్‌లో చెన్నై సూపర్ కింగ్స్ జెర్సీ వేసుకుని తిరిగేవాళ్లలో ఎంతమంది ధోనీ పక్కింటివాళ్లు? టీమ్ మనది అనుకోవడానికి ఆటగాడి ఆధార్ కార్డు చూడాలా?

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

లేదు, ఇక్కడ వింగర్ పాయింట్ నిజంగానే పాయింట్. బెంగాల్, కేరళ, గోవా, మణిపూర్, మిజోరం క్లబ్బుల్లో సొంత కుర్రాళ్లు కనిపిస్తారు. మన టోలీచౌకీలో, బార్కస్‌లో సాయంత్రం మట్టిలో ఆడే కుర్రాళ్లలో ఇద్దరు ఆ టీమ్‌లో ఉండి ఉంటే స్టేడియం నిండేది. వాడి గల్లీ మొత్తం వచ్చేది, వాడి స్కూలు వచ్చేది. టికెట్ ఎంతైనా కొనేవాళ్లు.

కొచ్చి_కోడలు

ఒక్క నిమిషం, ఆటగాళ్లు లేరని తేల్చేస్తున్నారు గానీ గుగులోత్ సౌమ్యని మర్చిపోయారా? నిజామాబాద్ తండా పిల్ల. ఇండియాకి ఆడుతోంది, ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలతో కలిసి 2025లో జాతీయ లీగ్ గెలిచింది. చూడండి, మళ్లీ కలకత్తానే. పెద్దాయన బలరాం గురించి చెప్పిందే ఇప్పుడూ జరుగుతోంది. హైదరాబాద్ ఎఫ్‌సీ నడిచిన ఆరేళ్లలో ఆ పిల్ల ఇక్కడ ఆడటానికి ఒక అమ్మాయిల టీమ్ పెట్టాలని ఎవరికీ తోచలేదు.

నిర్వాహకుడు

ఇద్దరు సభ్యుల పోస్టులు తొలగించాను. ఆంధ్రా, తెలంగాణ గొడవలు వేరే చోట పెట్టుకోండి. ఇక్కడ బంతి గురించి మాట్లాడండి. ఓనర్ల మీద కూడా పేపర్లలో వచ్చినదాన్ని మించి ఆరోపణలు చేయొద్దు.

డల్లాస్_దక్కనీ

మనోలో సంగతి ఎవరూ ఎత్తలేదే. నా దృష్టిలో ఆయన ఉండి ఉంటే ఇంత పతనం అయ్యేది కాదు.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

ఆయన ఉండి ఉంటే ఆయన జీతం కూడా బకాయి పడేది, అంతే అన్నా.

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

మనోలోని దేవుణ్ని చేయొద్దు. ఇండియా కోచ్‌గా ఏం చేశాడో చూశాం కదా. 2024 సెప్టెంబర్‌లో మన గచ్చిబౌలిలోనే మొదలుపెట్టాడు, మారిషస్‌తో 0-0, తర్వాత సిరియా చేతిలో 3-0. పదవిలో ఉన్నన్నాళ్లూ గెలిచింది ఒక్కటి, మాల్దీవుల మీద. చివర్లో హాంకాంగ్ చేతిలో ఓడి ఇంటికి పోయాడు.

డల్లాస్_దక్కనీ

క్లబ్ కోచింగ్ వేరు, దేశం కోచింగ్ వేరు. క్లబ్‌లో రోజూ పొద్దున్నే ఆటగాళ్లు చేతిలో ఉంటారు. ఆకాశ్ మిశ్రా ఎలా వచ్చాడు? ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లాడిని ఎడమ వైపు పెట్టి, తప్పు చేసినా తీసేయకుండా మళ్లీ మళ్లీ ఆడించాడు. లిస్టన్ కొలాసో గోవాలో బెంచ్ మీద కూర్చునేవాడు, మన దగ్గర ఒక్క సీజన్ సరిగ్గా ఆడేసరికి మోహన్ బగాన్ డబ్బు పెట్టి కొనుక్కుంది. అసలు మనం లిస్టన్‌ని అమ్మినప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈ యాజమాన్యం దగ్గర డబ్బు నిలవదని. ఆశిష్ రాయ్ కూడా కప్పు కొట్టిన వెంటనే అదే మోహన్ బగాన్‌కి పోయాడు. మన రెండు వైపుల డిఫెండర్లూ ఏడాది తేడాతో మన పోటీదార్లకే పోయారు. పెంచింది మనం, ఆడించుకుంటోంది వాళ్లు.

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

ఇది నేను మొదట్లో రాయాల్సిన మాట, నువ్వు రాశావు. అందుకే నా అసలు కోపం 2023-24 మీద కాదు, 2022 వేసవి మీద. చేతిలో కప్పు ఉంది, ఊరంతా టీమ్ పేరు వింటోంది, రెండేళ్ల తర్వాత ఇంట్లో ఆడబోతున్నాం. ఆ మూడు నెలల్లో కదా ఊరిని పట్టుకోవాల్సింది! కప్పుని ఎన్ని కాలేజీలకి తీసుకెళ్లారు? సికింద్రాబాద్‌లో ఎన్ని స్కూళ్లు ఫుట్‌బాల్ ఆడతాయి, వాటికి సీజన్ పాసులు ఇచ్చి ఉంటే ఖర్చెంత? జనం వచ్చి ఉంటే తర్వాత డబ్బు కష్టం వచ్చినప్పుడు ఎవడైనా స్థానిక వ్యాపారి ముందుకొచ్చేవాడేమో. హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్లకి కరువా? ఖాళీ స్టేడియం చూసి ఎవడు పెడతాడు?

గచ్చిబౌలి_గ్యాలరీ

సరే, నా ఓటు మార్చట్లేదు కానీ 2022 వేసవి అన్న మాట మాత్రం గుచ్చుకుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఢిల్లీ టీమ్‌ని ఎవరైనా ఫాలో అవుతారా?

కొచ్చి_కోడలు

ఛస్తే కాను.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

మన కుర్రాళ్లు ఎవరైనా అందులో ఉంటే వాళ్ల ఆట వరకు చూస్తా. టీమ్ గెలవాలని మాత్రం కోరుకోను. ఓడితే బాధ ఉండదు.

డల్లాస్_దక్కనీ

నేను ఇప్పటికే అన్‌ఫాలో.

వైజాగ్_వింగర్

అయితే శ్రీనిధి డెక్కన్ సంగతేంటి? అందరూ ఊళ్లో ఫుట్‌బాల్ చచ్చిపోయినట్టు మాట్లాడుతున్నారు, అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉన్న క్లబ్ ఉంది. పుట్టింది మా వైజాగ్‌లో, ఆడేది మీ హైదరాబాద్‌లో. ఐఎస్ఎల్‌కి కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. ఆ రెండేళ్లూ మొదటి స్థానం వాళ్లకి ఐఎస్ఎల్‌లోకి ప్రమోషన్ దక్కింది, ఒకసారి పంజాబ్, ఒకసారి మహ్మదన్. అంటే రెండుసార్లు ఒక్క మెట్టు కింద ఆగిపోయాం. సూపర్ కప్‌లో కేరళ బ్లాస్టర్స్‌ని 2-0తో ఓడించిన టీమ్ అది, కోడలు గారి మామగారిని అడగండి.

కొచ్చి_కోడలు

అడగను, ఆయనకి బీపీ ఉంది.

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

శ్రీనిధి మైదానం బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. ట్రాక్ లేదు, గీత పక్కనే కూర్చోవచ్చు. వింగర్ పరుగెత్తుతుంటే వాడి ఊపిరి వినిపిస్తుంది, కోచ్ ఏం తిడుతున్నాడో స్పానిష్‌లో కూడా అర్థమవుతుంది. కానీ అదీ ఒక గ్రూప్ నడిపే టీమే కదా? రేపు వాళ్లకీ నష్టం అనిపిస్తే? పెద్దాయన చెప్పింది ఆలోచిస్తుంటే ఇంకో ఓనర్ టీమ్‌కి మనసు ఇవ్వాలంటే భయమేస్తోంది.

పాత_సిటీ_పోలీస్

భయం ఉంటుంది బాబూ. కానీ వాళ్లు మైదానం కట్టుకున్నారు. అద్దె స్టేడియంలో ఆడే టీమ్ రాత్రికి రాత్రి పోతుంది, నేలలో డబ్బు పోసినవాడు అంత తొందరగా కదలడు. మీరు వెళ్లి కూర్చోండి. ప్రతి మ్యాచ్‌కీ అదే వందమంది కనిపిస్తే ఆ ఓనర్ కూడా మీ ముఖాలు గుర్తుపెట్టుకుంటాడు. వెళ్లకపోతే అడిగే హక్కు కూడా ఉండదు.

లెఫ్ట్‌బ్యాక్_లక్డికాపూల్

నేను వస్తా. ఐ-లీగ్ తేదీలు తేలగానే ఇక్కడే పెడదాం. ఒక షరతు. పసుపు జెర్సీలు వేసుకుని రావాలి, కొత్తవి కొనొద్దు.

వైజాగ్_వింగర్

రండి రండి, శ్రీనిధి వాళ్లు ఏమీ అనుకోరు. వైజాగ్ నుంచి గోదావరి ఎక్కి నేనూ దిగుతా.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

అజీజ్‌నగర్ అంటే చిలుకూరు బాలాజీ గుడి వైపేనా? బండి లేదు, మెహిదీపట్నం నుంచి బస్సు దొరుకుతుందా?

మలక్‌పేట్_మిడ్‌ఫీల్డ్

మొయినాబాద్ వైపు పోయే ఏ బస్సైనా ఎక్కు, అజీజ్‌నగర్ చౌరస్తాలో దిగు. వచ్చేటప్పుడు మాత్రం ఎవరి బండి వెనకైనా ఎక్కాల్సిందే, రాత్రి బస్సుని నమ్ముకోకు. గుడికి ముందే వెళ్లొచ్చేయ్, పదకొండు ప్రదక్షిణలు చేసి డెర్బీ, అదే ఒకే ఊరి రెండు టీమ్‌ల పోటీ, కావాలని మొక్కుకో.

ఆఫ్‌సైడ్_అబ్బాయి

డెర్బీకి ఇంకో టీమ్ కావాలి కదన్నా.